కొత్త భవనంలోకి మారినా కార్యాలయ వాతావరణం ఎందుకు మారలేదు?

ప్రశ్న: రాతబల్ల

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ప్రజలు నేరుగా వచ్చి పనులు చేయించుకునే ఒక కార్యాలయంలో నేను సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. మా సెక్షన్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది పదవీ విరమణ చేసినవారు, లేదా భర్త పోయాక కుటుంబ పింఛను కాగితాలు పట్టుకుని తిరుగుతున్న స్త్రీలు. రెండేళ్ల క్రితం వరకు మేము పెచ్చులూడే పైకప్పు కింద, తుప్పుపట్టిన బీరువాల మధ్య పనిచేశాం. వానాకాలం వస్తే ఫైళ్ల మీద పట్టాలు కప్పుకునేవాళ్లం. అలాంటి చోట ఎవరికైనా విసుగు పుడుతుందని, మంచి భవనంలోకి మారితే మాటతీరు కూడా దానంతటదే మారుతుందని అందరం నమ్మాం. ఇప్పుడు ఏసీ, టోకెన్ యంత్రం, స్టీలు కుర్చీలు, మంచినీళ్లు అన్నీ ఉన్నాయి. అయినా ఉదయం పదిన్నరకు తలుపులు తెరిచిన అరగంటలోపే ఆ పాత బిగువు హాలంతా కమ్ముకుంటుంది.

ఇది నా భ్రమేమో తేల్చుకోవాలని కిందటి నెలలో ఒక పూట నా గది వదిలి, హాలులో చివరి వరుసలో వచ్చినవారితో పాటు కూర్చున్నాను. గేటు దగ్గరి గార్డు ప్రతి ఒక్కరితోనూ ఒకే మాట అంటున్నాడు: "ఏం గావాలె? టోకెన్ దీస్కోని గాడ గూసోండ్రి." మాటలో తప్పేమీ లేదు, కానీ అంటున్నంతసేపూ అతని చూపు ఎదుటివారి ముఖం మీద లేదు. మూడో కౌంటరులోని సీనియర్ అసిస్టెంటు కంప్యూటరు తెర మీది నుంచి కళ్లు తిప్పకుండానే చెయ్యి చాపి ఒక పెద్దాయన కాగితం అందుకున్నారు. ఒకసారి చూసి, "ఇది కాదు" అని అద్దం కింది నుంచి వెనక్కి తోశారు. ఏది కావాలో చెప్పలేదు. ఆ పెద్దాయన రెండు నిమిషాలు అక్కడే నిలబడి, చివరికి గొంతు పెంచారు. గొడవలు మాకు కొత్త కాదు కాబట్టి దానికి నేను ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యమంతా ఆ తరువాత జరిగినదాని మీదే. గొడవతో ఏ సంబంధమూ లేని ఒకటో కౌంటరులో, ఐదో కౌంటరులో కూడా మాటలు కురచబడ్డాయి. కూర్చున్నవారు తమ సంచులను ఒళ్లోకి లాక్కున్నారు. అప్పటివరకు ఊళ్ల సంగతులు చెప్పుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు మాట ఆపేశారు. పన్నెండు దాటేవరకు ఆ హాలు మళ్లీ తేరుకోలేదు.

పై అధికారులు ఒక పూట శిక్షణ ఏర్పాటు చేసి, వచ్చినవారిని చిరునవ్వుతో పలకరించాలని చెప్పించారు. అది వారం కూడా నిలవలేదు. మా సిబ్బంది చెడ్డవారు కారు. వారిళ్లలో పెళ్లిళ్లకు, చావులకు వెళ్లినవాణ్ణి, వారి మంచితనం నాకు తెలుసు. అదే మనుషులు ఆ కుర్చీలో కూర్చోగానే ఎందుకు అలా అయిపోతున్నారు? ఒక చోటి వాతావరణం అసలు ఎక్కడ పుడుతుంది? దానిని మార్చడం నా స్థాయి ఉద్యోగి చేతిలో ఎంతవరకు ఉంటుంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: విశ్రాంత సిస్టర్

నమస్కారమండి. నేను ఆసుపత్రులలో ముప్పైమూడేళ్లు పనిచేసి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. హాలు తేరుకోలేదని మీరు రాసిన మాట చదవగానే మా వార్డులు గుర్తుకొచ్చాయి. డ్యూటీ మారేటప్పుడు లోపల అడుగుపెట్టగానే, రిపోర్టు పుస్తకం తెరవకముందే, గడిచిన షిఫ్టు ఎలా నడిచిందో మాకు తెలిసిపోయేది. ట్రేలు బల్ల మీద పెట్టే చప్పుడు, అటెండెంట్లు గుమ్మం దగ్గర గుంపుకట్టిన తీరు, ఆయా నేల తుడిచే వేగం చూస్తే చాలు.

నేను చూసినంతలో చిరాకు పై నుంచి కిందికి పారుతుంది. రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు రోగుల ముందే స్టాఫ్ నర్సును కసిరితే, ఆమె ఆయనను తిరిగి ఏమీ అనలేదు. పది నిమిషాల్లో ఆ మాట ఆయా మీదికి, ఆయా నుంచి మంచం పక్కన కూర్చున్న అటెండెంటు మీదికి చేరుతుంది. ఒకసారి, సాయంత్రం రౌండ్లలో అందరి ముందూ మాటపడిన కొత్త నర్సు, ఆ రాత్రి ఒక ఇంజెక్షను గంట ఆలస్యమైతే, ఎవరికీ చెప్పకుండా చార్టులో సరైన సమయానికే ఇచ్చినట్టు రాసింది. తెల్లవారుజామున నా దగ్గరికి వచ్చి, చేతులు వణుకుతుండగా చెప్పుకుంది. అదృష్టవశాత్తు రోగికి ఏమీ కాలేదు. ఆ పిల్ల బద్ధకస్తురాలు కాదని నాకు తెలుసు. ఆమెచేత ఆ అబద్ధం రాయించింది భయమే.

పదవీ విరమణ తరువాత ఈ విషయం మీద కొంత చదివాను. అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి యూనిట్లలో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం, కలివిడితనం ఉన్న యూనిట్లలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయట. అక్కడివారు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చేసిన తప్పును చెప్పుకోగలుగుతున్నారని ఆమె తరువాత గ్రహించారు. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేసే 24 బృందాలకు బొమ్మ శిశువుతో ఒక అభ్యాసం పెట్టి, కొన్ని బృందాలకు మాత్రం ఒక బయటి నిపుణుడిచేత కించపరిచే మాటలు నాలుగు చెప్పించారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మాటపడిన బృందాలు జబ్బును గుర్తించడంలోనూ, చికిత్స చేయడంలోనూ వెనకబడ్డాయి. శిక్షణ పొందిన డాక్టర్ల, నర్సుల చేతులనే నాలుగు మాటలు అంత మందగింపజేస్తే, మీ కౌంటరులోని మనిషి సంగతి వేరే చెప్పాలా?

అందుకే ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఆ ఉదయం మూడో కౌంటరు అసిస్టెంటు గారు కుర్చీలో కూర్చోకముందు ఆయనకు ఎవరితో ఏం జరిగింది?

జవాబు: బర్కత్‌పుర వాసి

సిస్టర్ గారి అనుభవాన్ని గౌరవిస్తూనే నేను కొంత విభేదిస్తున్నాను. ఉద్యోగ సంఘంలో చాలాకాలం పనిచేసినవాడిని కనుక, మనసుల గురించి మాట్లాడటం మొదలుపెడితే ఖాళీ పోస్టుల గురించి మాట్లాడటం ఆగిపోతుందన్నది నా భయం. రాతబల్ల గారూ, మీ సెక్షన్‌లో మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు? ఒకే మనిషి రెండు మూడు సీట్ల పని చూస్తుంటే, ప్రతి దరఖాస్తుదారు ముఖంలోకి చూసి మాట్లాడే తీరిక ఎక్కడి నుంచి వస్తుంది? మైకేల్ లిప్‌స్కీ అనే అమెరికన్ పండితుడు 1980లోనే ఈ సంగతి వివరంగా రాశారు. పనికి అంతు లేక, వనరులు ఎప్పటికీ చాలని చోట, ప్రజలకు ఎదురుగా కూర్చునే ఉద్యోగి తనను తాను కాపాడుకునే పద్ధతులు కొన్ని కల్పించుకుంటాడు. మాట తగ్గించడం, ప్రశ్నకు చోటివ్వకపోవడం, మళ్లీ రమ్మనడం అలాంటివే. బయటి నుంచి చూసినవారికి అది పొగరుగా కనిపిస్తుంది.

మన నగరంలోనే మరో ఉదాహరణ ఉంది. కరెంటు బిల్లుకు ఒక చోట, నల్లా బిల్లుకు ఇంకొక చోట ఎండలో నిలబడిన తరం మాది. లోపలి మనిషి "చిల్లర లేదు, పో" అంటే మారు మాట్లాడలేకపోయేవాళ్లం. 1999 చివర ట్విన్స్ పేరుతో ప్రయోగంగా మొదలై 2001లో ఈ-సేవగా విస్తరించిన కేంద్రాలలో, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఏ కౌంటరులోనైనా ఏ బిల్లైనా కట్టే వీలు వచ్చింది. నేను చూసిన కేంద్రాలలో ఇరువైపులా గొంతులు మెత్తబడ్డాయి. అక్కడ కూర్చున్నవారు పుట్టుకతో సౌమ్యులేమీ కారు. నా పని ఈ ఒక్క మనిషి దయ మీద ఆధారపడి లేదన్న ధీమా కట్టేవారికి వచ్చింది, అడ్డుకునే అవసరం తీసుకునేవారికి లేకుండా పోయింది. కనుక ముందు పద్ధతి మార్చండి, మనుషులను నిలపండి. మాటతీరు వాటి వెంట వస్తుంది.

జవాబు: ఒక దరఖాస్తుదారు

మా నాన్నగారు పోయాక అమ్మ పింఛను కోసం నేను అలాంటి ఒక కార్యాలయానికి ఏడుసార్లు తిరిగాను. సెలవులు పోయాయి, ఆటో ఖర్చులయ్యాయి, అవన్నీ మరిచిపోయాను. మరిచిపోలేనిది ఒకటే. అయిదోసారి వెళ్లినప్పుడు "మీ నాన్న పేరులో ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు ఉంది, మేమేం జేయాలె?" అని ఒకాయన అన్నప్పుడు, వెనక వరుసలో నలుగురు నవ్వారు. మా అమ్మ తల వంచుకుంది. మా నాన్న చేసిన ఉద్యోగమంతా అబద్ధమన్నట్టు ఆమెకు అనిపించిందని ఇంటికి వచ్చాక చెప్పింది. ఏడోసారి ఒక మేడమ్ గారు కుర్చీ లాగి మా అమ్మను కూర్చోబెట్టి, పాత కవరు వెనక అయిదు కాగితాల పేర్లు తెలుగులో రాసిచ్చారు. పని ఆ రోజు కూడా కాలేదు. అయినా అమ్మ ఆ సాయంత్రం చాలా రోజుల తరువాత కడుపునిండా అన్నం తిన్నది. ఆ కవరు ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉంది.

జవాబు: సమాజశాస్త్ర అధ్యాపకుడు

బర్కత్‌పుర వాసి గారూ, సిస్టర్ గారూ చెప్పినవి ఒకే విషయానికి రెండు వైపులని నాకు అనిపిస్తోంది. పనిభారం, పద్ధతి, పై అధికారి తీరు అనేవి ఉద్యోగి మనసులో ఒక స్థితిని కలిగిస్తాయి. ఆ స్థితి అతని చూపులో, చేతి కదలికలో బయటపడి, ఎదుటివారి మనసును తాకుతుంది. వాతావరణం అని మనం అంటున్నది ఈ రాకపోకల మొత్తాన్నే. ఒకరి మనఃస్థితి మాటలతో పని లేకుండానే గుంపులో వ్యాపిస్తుందని సీగల్ బార్సేడ్ అనే పరిశోధకురాలు 2002లో ప్రచురించిన ప్రయోగంలో చూపారు. చర్చా బృందాలలో శిక్షణ పొందిన ఒక నటుణ్ణి సభ్యుడిగా కూర్చోబెడితే, అతడు కనబరిచిన భావమే మిగిలినవారికీ అంటుకుంది. భావం ఆహ్లాదకరంగా ఉన్నచోట సహకారం పెరిగి గొడవలు తగ్గాయి. మీ హాలులో సంబంధం లేని కౌంటర్లు బిగుసుకుపోవడం ఇలాంటిదే.

శిక్షణ ఎందుకు నిలవలేదన్నది వేరే ప్రశ్న. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త 1983లో విమాన పరిచారికలను, బాకీ వసూలు చేసేవారిని పరిశీలించి, జీతం కోసం తన భావాలను సర్దుకుని చూపవలసి రావడం కూడా ఒక శ్రమేనని, దానికీ అలసట ఉందని చెప్పారు. లోపల లేని నవ్వును ముఖానికి తగిలించుకోమంటే, ఇప్పటికే అలసిన మనిషి మీద మరో పని వేసినట్టే అవుతుంది. చిరునవ్వుకు ఉత్తర్వు జారీచేయడం వృథా, ఒక్కోసారి హాని కూడా.

మీ వివరణలో నాకొక ఖాళీ కనిపించింది. మీ సిబ్బంది మధ్యాహ్నం ఎక్కడ భోజనం చేస్తున్నారు? ఇర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజశాస్త్రవేత్త 1950 ప్రాంతంలో షెట్లండ్ దీవుల్లోని ఒక హోటల్‌ను గమనించి, వడ్డించేవారు వంటింటి తలుపు దాటగానే వేరే మనుషులయ్యే తీరును రాశారు. ముందు వేదిక ఉన్న ప్రతి పనికీ తెరవెనుక ఒక చోటు కావాలి. అక్కడ కోపగించుకోవచ్చు, కాళ్లు చాపుకోవచ్చు, వచ్చినవారి గురించి రెండు మాటలు అనుకుని తేలికపడవచ్చు. పాత భవనాల్లో పెరట్లోనో చెట్టు కిందనో అలాంటి చోటు దానంతటదే ఏర్పడేది. కొత్తగా కట్టే అద్దాల హాళ్లలో దానికి జాగా కేటాయించరు. రోజంతా చూపుల మధ్యే కూర్చోవలసిన మనిషి, ఎదుటివారి చూపును తప్పించుకోవడం నేర్చుకుంటాడు. మీ గార్డు విషయంలోనూ ఇది ఆలోచించవలసిందే.

ఎదురుచూపు గురించి కూడా ఒక మాట. కారణం తెలియని నిరీక్షణ, ఎంతసేపో తెలియని నిరీక్షణ వాస్తవం కన్నా పొడవుగా తోస్తాయని డేవిడ్ మైస్టర్ అనే నిర్వహణ నిపుణుడు 1985లో రాశారు. "సార్ రావాలె" అన్న మాట కన్నా "సార్ మీటింగులో ఉన్నారు, రెండున్నర తరువాత సంతకం అవుతుంది" అన్న మాటకు మరో మూడు సెకన్లే పడుతుంది.

జవాబు: ఇంటి నక్షా

నేను భవనాలు గీసేవాణ్ణి కనుక అద్దం గురించే చెబుతాను. కాగితం తోయడానికి బల్ల మట్టంలో ఒక సందు, పైన మందపాటి అద్దం పెడితే, మాట వినబడాలంటే వచ్చినవారు నడుము వంచి ఆ సందులోకి మాట్లాడాలి. లోపలివారికీ సరిగా వినబడదు కాబట్టి ఇద్దరూ గొంతు పెంచుతారు. పెంచిన గొంతు చెవికి కోపంలాగే చేరుతుంది. పైగా గ్రానైటు నేల, నున్నటి గోడలు, మూసిన కిటికీలు ఉన్న హాలులో ఒక కౌంటరు గొడవ అందరి చెవుల్లోనూ మోగుతుంది. బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ గీసిన మన సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లాంటి పాత కట్టడాల ఎత్తయిన పైకప్పులు, వరండాలు వేడికే కాక శబ్దానికి కూడా దారి ఇచ్చేవి. మీ అద్దం ఎత్తు, సందు ఉన్న చోటు ఒకసారి కొలిచి చూడండి.

రాతబల్ల (ఆరు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, చెప్పడానికి ఏదైనా ఉన్నప్పుడే రాయాలనుకున్నాను.

సిస్టర్ గారి ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు కష్టంగా ఉంది. ఆ ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, పెండింగు జాబితా చేతిలో పట్టుకుని, మూడో కౌంటరు దగ్గర నిలబడి, మిగతా అందరూ వింటుండగా ఆయనను గద్దించినవాణ్ణి నేనే. నాకు అంతకు ముందు రోజు సమీక్షా సమావేశంలో అదే జాబితా గురించి మాటపడింది. ఆ సంగతి ప్రశ్న రాసేటప్పుడు నాకు గుర్తు కూడా రాలేదు. ఇప్పుడు ఆ జాబితాను నా గదిలో, ఒక్కొక్కరితో, సాయంత్రం నాలుగున్నర తరువాత చూస్తున్నాను. మొదటి రోజు ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆయన "వదిలేయండి సార్" అని చాలాసేపు కిటికీ వైపు చూశారు.

భోజనం విషయం అధ్యాపకులు ఊహించినట్టే ఉంది. పాత భవనం వెనక వేపచెట్టు, దాని కింద చాయ్ బండి ఉండేవి. ఇక్కడ అందరూ కౌంటరు వెనకే, అద్దం అవతల జనం చూస్తుండగా, డబ్బా మూత అడ్డుపెట్టుకుని తింటున్నారు. రికార్డు గదిలో సగం ఖాళీ చేయించి ఒక బల్ల, ఎనిమిది కుర్చీలు వేయించాను. గార్డు ఔట్‌సోర్సింగ్ మనిషి, పన్నెండు గంటల డ్యూటీ అంతా నిలబడే ఉంటాడని అడిగితే తెలిసింది. ఎత్తు స్టూలు ఒకటి ఇప్పించాం. కావలసిన కాగితాల జాబితాను పెద్ద అక్షరాలలో తెలుగులో, ఉర్దూలో అచ్చువేయించి అన్ని కౌంటర్లలో పెట్టాం. కవరు వెనక రాసిచ్చిన ఆ మేడమ్ గారికి ఈ ఆలోచన చెందుతుంది.

అద్దం సందు నేల నుంచి సరిగ్గా మూడడుగుల ఎత్తున ఉంది. మార్చడానికి రాసిన లేఖకు ఇంకా అనుమతి రాలేదు. తొమ్మిది పోస్టుల్లో మూడు ఖాళీగానే ఉన్నాయి, వాటి గురించి మళ్లీ రాశాను. బర్కత్‌పుర వాసి గారి మాటను నేను పక్కన పెట్టలేదు. ఒకటో తేదీ తరువాతి వారంలో రద్దీ పెరిగితే మా వాళ్ల ముఖాలు ఇప్పటికీ మునుపటిలాగే అయిపోతున్నాయి.

కిందటి గురువారం ఆ పెద్దాయన మళ్లీ వచ్చారు. మూడో కౌంటరు అసిస్టెంటు గారు ఆయనను చూసి, లేచి, అద్దం చుట్టూ తిరిగి బయటికి వచ్చి, పక్క కుర్చీలో కూర్చుని జాబితాలో మూడింటికి టిక్కు పెట్టారు. "ఈ మూడు ఉన్నయ్ పెద్దాయనా, నాలుగోది మున్సిపల్ ఆఫీసు నుంచి తేవాలె" అన్నారు. పెద్దాయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో దాచుకున్నారు.

సోమవారం రెండో కౌంటరులో మళ్లీ గొడవ జరిగింది. నేను గది తలుపు తీసి గోడ గడియారం వైపు చూశాను. పదకొండు గంటల పది నిమిషాలు. హాలు నిశ్శబ్దమైంది, సంచులు ఒళ్లోకి వచ్చాయి. పదకొండున్నర కాకముందే వెనక వరుసలో ఒకావిడ పక్కావిడను ఏ ఊరని అడగడం వినబడింది.